తారీఖు లోపల వాపస్

ఈ సంగతి ఇప్పుడే ఎందుకు రాసి పెట్టాల్సి వచ్చిందో ముందు చెప్తాను. మొన్న సరోజ మా దుకాణానికి వచ్చింది. బిడ్డ పెండ్లి ఖాయమైందట. పందిరి, వంట, మైకు అన్నీ మేమే చూసుకోవాలని చెప్పి, చాయ్ తాగి, లేచి గడప దాటబోతూ ఆగింది.

"అన్నా, ఒక్క మాట. నీ కట్టె డబ్బా ఇంకా ఉన్నదా?"

"ఉన్నదమ్మా. అటక మీద ఉన్నది."

"అటక మీదనే ఉండనియ్యి," అని వెళ్లిపోయింది.

దుకాణంలో ఉన్న నలుగురూ ఒక్కసారిగా నవ్వారు. వాళ్లలో ఇద్దరు సరోజ పెండ్లి నాటికి ఇంకా పుట్టనే లేదు. అంటే నా ఘనకార్యం ఒక తరం దాటి రెండో తరానికి చేరిందన్నమాట. చేరితే చేరింది, సరిగా చేరిందా అంటే అదీ లేదు. పందిరి కూలి పెండ్లికొడుకు తలపాగా మీద పడిందని ఒకరు చెప్తారు. మగపెండ్లివారు తిండి లేక వాళ్ల ఊరు అల్లాదుర్గ్ తిరిగి వెళ్లిపోయారని ఇంకొకరు. రెండూ అబద్ధం. జరిగింది అంతకంటే అన్యాయంగా ఉంటుంది. చరిత్రను పక్కవాళ్లకు వదిలేస్తే ఏమవుతుందో నేను లైబ్రరీలో చాలా పుస్తకాల్లో చదివాను. అందుకే నా పరువు నేనే తీసుకుందామని కూర్చున్నాను.

(చదివాను అన్నాను కదా. ఆ మాట మీదికి మళ్లీ వస్తాను. గుర్తుంచుకోండి.)

అవి తొంభైల నడిమి రోజులు. జిల్లాకు పేరు మా మెదక్‌ది, జిల్లా ఆఫీసులు సంగారెడ్డివి. ప్రత్యేక రాష్ట్రం వస్తే తప్ప మన ఊరికి ఏదీ రాదని చాయ్ హోటల్లో పెద్దలు చల్లారిన చాయ్ ముందు కూర్చుని తేల్చేసేవారు. రాష్ట్రం వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. పేపరు తెరిస్తే చాలు, సరళీకరణ అనే మాట కనిపించేది. ఆ మాటకు అర్థం కోసం లైబ్రరీలో నిఘంటువు దించి చూసిన మనిషి మెదక్ మొత్తంలో నేనొక్కడినే అని ఇప్పటికీ నా నమ్మకం. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయినా, నాకు కాలేజీ అంటే ఆ లైబ్రరీయే. అక్కడి పొడుగు బల్ల చివర, కిటికీ పక్క కుర్చీ నాది. ఎవరైనా అందులో కూర్చుంటే, లేచేదాకా వాళ్ల వెనకే నిలబడి దగ్గేవాణ్ణి.

ఆ కుర్చీలోనే నాకు ఆలోచన పుట్టింది. అప్పట్లో మా ఊళ్లో పెండ్లి చేయాలంటే షామియానాకు ఒకరి దగ్గరికి, వంట గంజులకు ఇంకొకరి దగ్గరికి, మైకుకు మరొకరి దగ్గరికి, వంటకు వేరే వీధికి తిరగాలి. పెండ్లి నాటికి ఆడపిల్ల తండ్రి చెప్పులు అరిగిపోయేవి. ఇవన్నీ ఒక్కచోట దొరికితే? అలా పుట్టింది 'సకలం సర్వీసెస్'. బోర్డు రాయించి దుకాణానికి వేలాడదీశాక గుర్తొచ్చింది, సకలం అంటే మనుషులు కూడా కావాలని.

ముగ్గురు దొరికారు. ఖాజా భాయి దర్జీ; షామియానా ఆయన వంతు. చేతిలో సూది ఉంటే ప్రపంచంతో పని లేదు ఆయనకు. బాలమణక్క వంట మనిషి. ఐదు వందల మందికి వండినా ఉప్పు కోసం రుచి చూడదు, ఉడుకుతున్న చప్పుడు విని చెప్పేస్తుంది. చదువు రాదు. మూడోవాడు యాదగిరి, నా బడి దోస్తు. లైట్లు, మైకు సెట్టు వాడివి. నాలుగోవాణ్ణి నేను. నాకు ఏ పనీ రాదు కాబట్టి మేనేజర్నయ్యాను.

మొదటి ఆర్డరు ఇచ్చింది విఠల్ సారు, మా లైబ్రేరియన్. ఆయన ఒక్కగానొక్క కూతురే ఈ సరోజ. సారు బామ్మర్ది పట్నం నుంచి పేరున్న కాంట్రాక్టరును తెస్తానని పట్టుబట్టాడట.

"వద్దు," అన్నారట సారు. "మా లైబ్రరీల చదువుకున్న పిలగాడు దుకాణం పెట్టిండు. ఆనికే ఇస్త."

ఆ మాట విన్న రోజు నేను నేల మీద నడవలేదు. సైకిలు కూడా కొంచెం పైకి తేలే నడిచింది.

ఇక పనిని ఎలా నడపాలి? లైబ్రరీలో నిర్వహణ మీద ఒక లావు తెలుగు పుస్తకం ఉండేది. పేరు చెప్పను, దాని తప్పేమీ లేదు. దాన్ని ఇంటికి తీసుకెళ్లిన మొదటి పాఠకుణ్ణి నేనే. 'నోటి మాటగా చెప్పిన పని గాలికి పోతుంది. ప్రతి పనికీ ఒక కాగితం, ప్రతి కాగితానికీ ఒక మనిషి, ప్రతి మనిషికీ ఒక గడువు ఉండాలి' అని అందులో ఉంది. చదవగానే ఒళ్లు జలదరించింది. కాగితం, మనిషి, గడువు! ఇది మన లైబ్రరీ పద్ధతే కదా!

సారును అడిగితే అటక మీది పాత కార్డుల డబ్బా ఇచ్చారు. పొడుగ్గా, టేకు కట్టెది, ముందు ఇత్తడి పిడి. తారీఖు గుద్దే పాత స్టాంపు కూడా ఇచ్చారు. వాడేసిన కార్డుల వెనక తెల్లగా ఉన్న వైపు నేను పనులు రాస్తే, సరోజ కాగితం జేబులు కత్తిరించి అంటించింది. తన పెండ్లి పనుల జేబులు తనే అంటించుకున్న పెండ్లికూతురు ఈ దేశంలో ఇంకొకరు ఉన్నారా? 'షామియానా చిరుగులు కుట్టుట', 'గంజులకు కలాయి పెట్టించుట', 'మైకు సెట్టు బాగు చేయించుట'. మొత్తం ముప్పై ఎనిమిది.

పెండ్లికి మూడు వారాల ముందు అందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను.

"లైబ్రరీల పుస్తకం ఎట్ల ఇస్తరో గట్లనే నేను మీకు పని ఇష్యూ చేస్త. కార్డు తీస్కపోవాలె. తారీఖు లోపల వాపస్ తేవాలె."

"వాపస్ తెస్తే నువ్వేం చేస్తవ్?" అని అడిగాడు యాదగిరి.

"లైబ్రరీల ఏం చేస్తరు? ఒకలు వాపస్ ఇస్తే ఇంకొకలకు ఇస్తరు. సిస్టం అంటే గదిరా!" అన్నాను. పొలంలో గింజ వేసినట్టు ఈ మాట ఆ రోజు నేనే వేశాను. పంట సంగతి తర్వాత చెప్తాను.

బాలమణక్క కార్డును తలకిందులుగా పట్టుకుని చూసింది. "నాకు చదువు రాదు గదరా తమ్మీ."

"చదవకక్కా. బియ్యం డబ్బా కింద దాచిపెట్టు, చర్చిలో ఆదివారం గంట మూడోసారి కొట్టిన రోజు తెచ్చియ్యి, చాలు."

"గంతేనా? గిదేదో బాగనే ఉన్నది," అంది అక్క.

గోడ మీద రూల్సు అంటించాను. రూలు ఒకటి: ఆలస్యమైతే అందరికీ చాయ్ తాగించాలి. రూలు రెండు: నోటి మాట నిషేధం. రూలు మూడు: సందేహం వస్తే రూలు రెండు చూడవలెను.

పెండ్లికి ఐదు రోజుల ముందు గడువు. పొద్దున్నే స్టాంపు, సిరా మెత్త సర్దుకుని, కొత్తగా ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాను. మొదట ఖాజా భాయి వచ్చాడు.

"నర్సింలు భాయ్, జర ఇనుండ్రి. గా పట్నంల గుడ్డ..."

"కార్డు తెచ్చినవా?"

"తెచ్చిన. కానీ గుడ్డ..."

గోడ వైపు వేలు చూపించాను. ఆయన గోడను చూశాడు. నన్ను చూశాడు. "అచ్ఛా," అని కార్డులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఎంత క్రమశిక్షణ అనుకుంటూ 'వాపస్' అని రాసి తారీఖు గుద్దాను.

తర్వాత బాలమణక్క. కలాయి పెట్టేవాడు మనోహరాబాద్ దిక్కు పోయాడనో, పది దినాలకు గానీ రాడనో ఏదో చెప్తూనే ఉంది. నా స్టాంపు చప్పుడులో సగమే వినబడింది, ఆ సగం కూడా నిషేధమే కదా. చివరికి యాదగిరి వచ్చి కార్డుల కట్టను బల్ల మీదికి విసిరాడు.

"ఇగో నీ కార్డులు. నాతోని కాదు."

"తారీఖు లోపల తెచ్చినవ్, ఇంకా కాదంటవేందిరా?" అన్నాను మురిపెంగా. వాడికి వినయం ఎక్కువైందనుకున్నాను. యాదగిరికి వినయం! బడి రోజుల నుంచి చూస్తున్నాను వాణ్ణి. అయినా అనుకున్నాను.

సాయంత్రానికి ముప్పై ఎనిమిది కార్డులూ డబ్బాలోకి చేరాయి. ఒక్కటి తక్కువ లేదు, ఒక్క రోజు ఆలస్యం లేదు. తర్వాతి నాలుగు రోజులూ నేను డబ్బాను తుడుస్తూ, పిడికి మెరుగు పెడుతూ గడిపాను. వెనక గదిలో గంజులు నల్లగా కూర్చుని ఉన్నాయి. ముందు గదిలో నేను తెల్లగా కూర్చుని ఉన్నాను. లేచి నాలుగు అడుగులు వేసి చూడొచ్చు కదా అని మీరంటారు. చూడడమంటే సిస్టంను అనుమానించడమే కదండీ!

పెండ్లికి ముందు రోజు పొద్దున, డబ్బాను సైకిలు వెనక కట్టుకుని సారు ఇంటికి వెళ్లాను. ఆయన సంతోషపడతారని. వాకిట్లో గుంతలు తీసి ఉన్నాయి. గుంతల్లో గుంజలు నిలబెట్టి ఉన్నాయి. గుంజల మీద ఆకాశం ఉంది.

సారు కార్డులు ఒక్కొక్కటే తిప్పి చూశారు. "మస్తుగ చేసినవ్ నర్సింలూ. అన్ని వాపస్ వచ్చినయ్." ఆయన కళ్లద్దాలు సర్దుకుని గుంజల వైపు చూశారు. "మరి షామియానా ఏది?"

నేను కూడా గుంజల వైపు చూశాను. షామియానా కార్డు తీసి చూశాను. అందులో 'వాపస్' అని స్పష్టంగా ఉంది.

వెనకనుంచి బామ్మర్ది గొంతు వినబడింది. "ఏం బావా, అల్లాదుర్గ్‌వాళ్లను గీ కార్డుల కింద కూసోబెడ్తమా?"

సారు నన్ను పక్కకు తీసుకెళ్లారు. ముప్పై ఏండ్లుగా నిశ్శబ్దంగా ఉండండి అని చెప్పీ చెప్పీ ఆయన గొంతే నిశ్శబ్దంగా మారిపోయింది. "రేపు పదింటికి ముహూర్తం. నన్ను ఎవలేమన్నా పడ్త. బిడ్డ మాత్రం గీ మాట అత్తగారింటికి మోసుకపోవద్దు నర్సింలూ."

గడప దగ్గర పసుపు ముఖంతో సరోజ నిలబడి ఉంది. వింది. "నర్సింలన్న చేస్తడు నాయినా," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సైకిలు ఎలా తొక్కానో తెలియదు. ముగ్గురినీ దుకాణంలో పోగు చేశాను.

"షామియానా ఏమాయె ఖాజా భాయ్?"

"నాకేమెరుక? పట్నం నుంచి గుడ్డ రాలే, నేను వాపస్ ఇచ్చిన. యాదగిరికి ఇష్యూ చేసినవ్ అనుకున్న."

"నాకా?" అని గంతేశాడు యాదగిరి. "సూదిల దారం ఎక్కియ్యరాదు నాకు!"

"మరి నీ మైకురా?"

"రిపేరు కాదని తెలిసి నేనూ వాపస్ ఇచ్చిన. బాలమణక్కకు ఇచ్చి ఉంటవ్ అనుకున్న."

"నాకెందుకురా మైకు?" అంది అక్క. "నా గొంతు సాలదా? కలాయి పని ఖాజా భాయికి పోయిందనుకుని నిమ్మళంగ పండుకున్న నేను."

"అందరు వాపస్ ఇచ్చి, పని ఎవలూ చెయ్యకపోతే ఎట్ల?" అని అరిచాను.

ఖాజా భాయి మెల్లగా అన్నాడు. "భాయ్, లైబ్రరీల పుస్తకం వాపస్ ఇస్తే, సద్వినట్టా? ఒకలు వాపస్ ఇస్తే ఇంకొకలకు ఇస్తరు అని మీరే చెప్పిన్రు."

లైబ్రరీ గడప ఎన్నడూ తొక్కని ఖాజా భాయికి లైబ్రరీ సంగతి నాకంటే బాగా అర్థమైంది. నేను మూడో రూలు చూశాను. అది రెండో రూలు చూడమంది.

బాలమణక్క లేచింది. డబ్బా తీసి కార్డులన్నీ మూలన బోర్లించింది. కొంగు నడుముకు చెక్కింది. "ఖాజా భాయ్, నువ్వు ఎక్కడికన్న పో, నీడ పట్కరా. యాదగిరీ, నువ్వు సప్పుడు పట్కరా. గంజుల సంగతి నేను చూస్త."

"నేనక్కా?" అన్నాను.

"నువ్వా? ఒక్కొక్కల కాడికి పొయ్యి, నీ రెండు కండ్లతోటి చూసి, వచ్చి నాకు చెప్పు. చేతుల కాయితం కనబడ్డదంటే పొయ్యిల పెడ్త."

ఆ రోజు నేను ఖిల్లా కింది నుంచి చర్చి దాకా, చర్చి నుంచి సారు ఇంటి దాకా ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. సైకిలు చైను నాలుగుసార్లు ఊడింది. నా చేతులకంటిన మసి చూసి, చాలా పని చేశానని అందరూ అనుకున్నారు. అందులో ఒక్క మసి బొట్టు కూడా పని వల్ల వచ్చింది కాదు.

ఖాజా భాయి తన మొహల్లా పెద్దల దగ్గరికి వెళ్లి, పండుగ విందులకు వేసే వాళ్ల షామియానా అడిగి తెచ్చాడు. లోపల నీలం గుడ్డ, దాని నిండా వెండి రంగు నెలవంకలు, చుక్కలు. "నడుస్తదా భాయ్?" అని నన్ను బెరుకుగా అడిగాడు. పరుగెత్తి వెళ్లి అక్కకు చెప్పాను. "నీడ పడ్తుందా?" అంది. "పడ్తుంది." "ఇగ చాలు."

యాదగిరి ఎవరిదో ట్రాక్టరు బ్యాటరీ, ఇంకెవరిదో ఆటోకు కట్టే మైకు తెచ్చి కలిపాడు. అది మొదట గుర్రుమంది, తర్వాత దగ్గింది, ఆ తర్వాత మాట్లాడింది. అచ్చం నిద్ర లేచిన యాదగిరే.

బాలమణక్క వీధిలో ఇంటింటికీ వెళ్లి గంజులు, గరిటెలు, బిందెలు అడిగి పోగు చేసింది. ఒక్కో గంజు చెవికి ఒక్కో రంగు పేలిక కట్టింది. ఎర్ర పేలిక మల్లమ్మది, పచ్చది రజియా బేగంది, నీలం గీతలది సైకిలు షాపు వాళ్లది. పేర్లు చెక్కి ఉన్నాయి కదక్కా అంటే, "నీ అసుంటోళ్లకు ఉన్నయి. నాకు పేలికలే సదువు," అంది. పెండ్లయ్యాక ఒక్క చెంచా కూడా దారి తప్పలేదు. ఒక్క కార్డు వాడలేదు.

మర్నాడు పదింటి ముహూర్తానికే పెండ్లి అయింది. పప్పు అదిరింది. భోజనాల దగ్గర మగపెండ్లివారి పెద్దాయన తల పైకెత్తి చాలాసేపు చూశాడు.

"ఎవలు చేసిన్రు బావా గీ పందిరి?" అని అడిగాడు సారును. "పట్టపగలు చుక్కల కింద తింటున్నట్టున్నది. మా చిన్నదాని పెండ్లికి గిదే కావాలె!"

సారు బామ్మర్ది వడ్డన ఆపి, "మావోళ్లే, మన లైబ్రరీ పిలగాడు," అన్నాడు. విన్నారా? మన!

తాంబూలాల వేళ చూస్తే, నా కట్టె డబ్బాలో తమలపాకులు, వక్కలు పేర్చి పెట్టి ఉన్నాయి. దుకాణం నుంచి సరోజ తెప్పించి పెట్టించిందట. పుట్టినప్పటి నుంచీ ఆ డబ్బాకు అంత గౌరవం దక్కి ఉండదు.

అప్పగింతలు అయ్యాయి. అల్లాదుర్గ్ జీపు కనుమరుగైంది. వాకిట్లో సారు ఒక్కరే నెలవంకల కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. పోయి కాళ్ల దగ్గర కూలబడ్డాను. "తప్పయింది సార్. పుస్తకంల చదివిందే చేసిన. ఎక్కడ తప్పినో సమజైతలే."

ఆయన సంచిలోంచి ఆ లావు పుస్తకం తీశారు. ఆ హడావుడిలో కూడా తెప్పించి పెట్టుకున్నారు! పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. ఇరవై ఒకటో పేజీలో నర్సాపూర్ బస్సు టికెట్ ఉంది. నాదే. ఆ తర్వాత పేజీలు పైఅంచున అతుక్కునే ఉన్నాయి. బైండింగ్‌లో కోయకుండా వదిలేసిన పుస్తకం అది; చదివేవాడే బ్లేడుతో విడదీసుకుంటూ పోవాలి. ఇరవై ఒకటి తర్వాత బ్లేడు పడలేదు.

"వాపస్ అయితే ఇచ్చినవ్ నర్సింలూ," అన్నారు సారు. "తారీఖు లోపలనే."

మా ఇద్దరికీ వినబడేంతగా నాకు సిగ్గేసింది. "మీకు ఎరుకేనా సార్?"

"ఎవలు ఎన్నో పేజీ కాడ ఆపిన్రో నాకు ఎరుక కాదా? ముప్పై ఏండ్ల కొలువు."

"మరి ఎరుకుండి పెండ్లి ఆర్డరు నాకెందుకిచ్చిన్రు సార్?"

సారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. అవి కూతుర్ని పంపిన కళ్లు. అద్దాలకే తడి తగిలిందో, ఇంకెక్కడైనా తగిలిందో నేను అడగలేదు. "ఇరవై ఒక్క పేజీల దాకా చదివినోడు కూడ నువ్వొక్కనివే," అన్నారు.

నా జేబులో ఉన్న స్టాంపు అడిగి తీసుకుని, పుస్తకాన్ని అక్కడే మళ్లీ ఇష్యూ చేశారు. వంటింట్లోంచి బ్లేడు తెచ్చుకుని ఆ నీడలోనే కూర్చుని పేజీలు కోశాను. ఇరవై రెండో పేజీ పైన అధ్యాయం పేరు పెద్ద అక్షరాల్లో ఉంది: 'కాగితాన్ని నమ్మవద్దు, వెళ్లి చూడండి.'

ఇక కృతజ్ఞతలు. నీడ తెచ్చిన ఖాజా భాయికి. చప్పుడు తెచ్చిన యాదగిరికి. నన్ను నా రెండు కళ్లతో చూడమన్న బాలమణక్కకు. గంజులిచ్చిన మల్లమ్మకు, రజియా బేగంకు, సైకిలు షాపు వాళ్లకు. 'మన' అన్న సారు బామ్మర్దికి. నాలుగుసార్లు ఊడినా నాలుగుసార్లూ ఎక్కిన సైకిలు చైనుకు. డబ్బాను అటక మీదే ఉంచమన్న సరోజకు. ఇప్పుడు లేని విఠల్ సారుకు, ఆయన ఖాళీ చేసి వెళ్లిన లైబ్రేరియన్ కుర్చీకి. దగ్గితే లేచిపోయేవాళ్లను చూశాను గానీ, ఎంత దగ్గినా ఆ కుర్చీలోకి ఆయన ఇక రారు.

చర్చి గంట సాక్షిగా, ఖిల్లా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ పనినీ, ఏ పుస్తకాన్నీ, పూర్తి కాకుండా తారీఖు లోపల వాపస్ ఇవ్వను. ఆ లావు పుస్తకాన్ని చివరి పేజీ దాకా చదివే ఇచ్చాను. మూడు నెలలు ఆలస్యమైంది. రూలు ఒకటి ప్రకారం లైబ్రరీ మొత్తానికి చాయ్ తాగించాను.